సిప్ ట్రంకు: బయటికి కాల్స్ వెళుతున్నాయి, లోపలికి రావడం లేదు. ఆస్టరిస్క్‌లో ఎక్కడ చూడాలి?

ప్రశ్న: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరులో రొయ్యల మేత, చెరువు మందులు సరఫరా చేసే ఒక కార్యాలయంలో కంప్యూటర్లు, ఫోన్లు చూసుకునే పని నాది. ఇన్నేళ్లుగా మాకు పీఆర్ఐ లైను (ఒకే లైను మీద చాలా కాల్స్ మోసే పాత పద్ధతి) ఉండేది. ఒక తీగ, 30 మాటల ఛానళ్లు, ఎప్పుడో ఒకసారి కార్డు మీద దుమ్ము దులపడం తప్ప దానితో ఇబ్బంది పడిన గుర్తు లేదు. కిందటి నెల మా టెలిఫోన్ సంస్థ ఆ లైను తీసివేసి, దాని స్థానంలో ఫైబర్ మీద సిప్ ట్రంకు (కాల్స్‌ను నెట్‌వర్క్ ప్యాకెట్లుగా మోసే లైను) ఇచ్చింది. నంబరు మాత్రం పాతదే, 0861తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరే.

సర్వరులో ఫ్రీపీబీఎక్స్ (ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్‌ను వెబ్ పేజీల ద్వారా నడిపేది) వేశాను. అందులో రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి. ఒకటి కార్యాలయపు లాన్‌కు, దాని ద్వారా మామూలు బ్రాడ్‌బ్యాండ్‌కు కలుస్తుంది. రెండోది నేరుగా టెలిఫోన్ సంస్థ పెట్టిన ఫైబర్ పెట్టెకు కలుస్తుంది. ట్రంకుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అంటూ ఏమీ ఇవ్వలేదు. రిజిస్ట్రేషన్ అవసరం లేదనీ, చిరునామా ఆధారంగానే నడుస్తుందనీ చెప్పి, మాకు ఒక ప్రైవేటు ఐపీని, వాళ్ల సర్వరుదిగా 10.64.8.10 అనే చిరునామాను కాగితం మీద రాసి ఇచ్చారు. (ఇక్కడ రాసే చిరునామాలన్నీ మార్చి రాస్తున్నాను.)

బయటికి చేసే కాల్స్ మొదటి రోజు నుంచే బాగా వెళుతున్నాయి. లోపలికి మాత్రం ఒక్కటీ రావడం లేదు. చేసినవారికి రెండు మూడు క్షణాల నిశ్శబ్దం తర్వాత బిజీ టోను వినిపిస్తుంది. సంస్థ వారిని అడిగితే, "మేము కాల్ పంపుతున్నాము, మీ సర్వరు 401 అని జవాబిస్తోంది, పాస్‌వర్డ్ అడుగుతోంది, లోపం మీ వైపే" అంటున్నారు. నేను ఎక్కడా పాస్‌వర్డ్ పెట్టలేదు. ఆస్టరిస్క్ లాగ్‌లో మాత్రం 10.64.8.11 నుంచి వచ్చిన ఇన్‌వైట్‌కు (కాల్ మొదలుపెట్టే సందేశానికి) సరిపోయే ఎండ్‌పాయింట్ (సర్వరుకు తెలిసిన ఫోను లేదా ట్రంకు) దొరకలేదన్న వరుస పదే పదే కనిపిస్తోంది.

విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువుల రైతులు మాకు ఎక్కువగా తెల్లవారుజామునే ఫోన్ చేస్తారు. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళలోనే కనుక, ఆ కాల్ అందకపోతే వారికి కలిగే నష్టం చిన్నది కాదు. ప్రస్తుతానికి ఒక సెల్ నంబరు ఇచ్చి నెట్టుకొస్తున్నాము. మా యజమాని గారితో "ట్రంకు అందడం లేదండీ" అంటే, ట్రంకు రోడ్డు మీద మళ్లీ ఏదో తవ్వుతున్నారనుకున్నారు. దయచేసి ఎక్కడ చూడాలో చెప్పగలరు.

జవాబు: చీమకుర్తి రాయి

ఇది చిన్న విషయమేనండీ. సిప్ సెట్టింగ్స్‌లో అనామక ఇన్‌కమింగ్ కాల్స్‌ను అనుమతించే మీట ఒకటి ఉంటుంది, దానిని "అవును" చేయండి. అప్పటికీ రాకపోతే ట్రంకు వివరాలలో "ఇన్‌సెక్యూర్" అనే వరుసకు "పోర్ట్, ఇన్‌వైట్" అని రాయండి. మా క్వారీ ఆఫీసులో ఏడేళ్లుగా అలాగే నడుస్తోంది.

జవాబు: ఒంగోలు గిత్త

పై సలహాలోని మొదటి భాగాన్ని దయచేసి పాటించకండి. మీ సర్వరుకు మరో వైపు బ్రాడ్‌బ్యాండ్ ఉందని మీరే రాశారు. ఆ వైపు సిప్ వాడే 5060 పోర్టు ఏ మాత్రం తెరిచి ఉన్నా, అనామక కాల్స్‌కు తలుపు తీసిన కొద్ది గంటలలోనే తెరిచి ఉన్న సర్వర్ల కోసం వెతికే ప్రపంచంలోని స్కానర్లన్నీ మీ ఫోన్లను అర్ధరాత్రి మోగించడం మొదలుపెడతాయి. ఇక డయల్‌ప్లాన్‌లో (ఏ నంబరు ఎటు వెళ్లాలో చెప్పే నియమాలలో) ఎక్కడైనా పొరపాటుంటే మీ ట్రంకు మీదుగా విదేశాలకు కాల్స్ వెళ్లిపోతాయి, బిల్లు మీకు వస్తుంది. రెండో భాగం హాని చేయదు కానీ ఉపయోగమూ లేదు. "ఇన్‌సెక్యూర్" అన్నది ఆస్టరిస్క్‌లో సిప్‌ను నడిపిన పాత చాన్‌సిప్ డ్రైవర్ నాటి మాట. ఆ డ్రైవర్‌ను 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21 నుంచి పూర్తిగా తొలగించారు. దాని స్థానంలో వచ్చిన ఇప్పటి పీజేసిప్‌లో ఆ మాటకు అర్థమే లేదు.

ఇక మీ సమస్యకు వస్తాను. పీఆర్ఐలో కాల్ ఎవరి దగ్గర నుంచి వస్తోందన్న సందేహానికి తావే ఉండదు. ఆ తీగ మీద వచ్చిందంటే అది ఎక్స్ఛేంజి నుంచి వచ్చినట్టే. సిప్‌లో తీగ లేదు, ప్యాకెట్టు మాత్రమే ఉంది. కనుక ఇన్‌వైట్ రాగానే ఆస్టరిస్క్ మొట్టమొదట "నీవెవరు?" అని తేల్చుకోవాలి. మామూలుగా వచ్చిన ఐపీ చిరునామానూ, ఆ తరువాత ఫ్రమ్ వరుసలోని యూజర్‌నేమ్‌నూ పోల్చి చూస్తుంది. రెంటిలో ఏదీ కుదరకపోతే "నీవు నాకు తెలియదు" అని నేరుగా చెప్పదు. అలా చెబితే ఏ పేర్లు ఉన్నాయో, ఏవి లేవో బయటివాడు కనిపెట్టేస్తాడు. అందుకని తెలిసినవాడినీ తెలియనివాడినీ ఒకే రీతిలో 401తో పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు పెట్టని పాస్‌వర్డ్‌ను మీ సర్వరు అడగడం వెనుక ఉన్న సంగతి ఇదే. సంస్థ వారు చెప్పింది నిజమే, కానీ దానికి వారు తీసిన అర్థం సరికాదు.

మీ విషయంలో కారణం మీ లాగ్‌లోనే ఉంది. కాగితం మీద రాసి ఇచ్చిన చిరునామా చివర 10, ఇన్‌వైట్ వచ్చిన చిరునామా చివర 11. మీరు పంపే కాల్స్‌ను తీసుకునే పెట్టె ఒకటి, మీకు కాల్స్ పంపే పెట్టె మరొకటి. ఇలా జంటగా పెట్టడం, ఒకటి పాడైతే రెండోది అందుకునేలా చూడటం సంస్థలకు మామూలే. ఫ్రీపీబీఎక్స్‌లో ట్రంకు రాసేటప్పుడు "మ్యాచ్, పర్మిట్" అనే గడిని ఖాళీగా వదిలితే, సిప్ సర్వరు గడిలో మీరు రాసిన ఒక్క చిరునామానే అది గుర్తింపుకు వాడుకుంటుంది. మనకు వాళ్లింటి దారి తెలిసినంత మాత్రాన, వాళ్ల తమ్ముడు మనింటికొస్తే మన కాపలావాడు గుర్తుపట్టాలని లేదు కదా.

కనుక పీజేసిప్ ట్రంకులో అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లి, ఆ గడిలో రెండు చిరునామాలనూ కామాతో విడదీసి రాయండి. అంతకంటే ముందు సంస్థకు ఒక మెయిల్ పంపి, సిగ్నలింగ్ ఏ ఏ చిరునామాల నుంచి వస్తుందో, మాటల ప్యాకెట్లు ఏ నెట్‌వర్కు నుంచి వస్తాయో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. తరువాత ఆస్టరిస్క్ కన్సోల్‌లో "పీజేసిప్ షో ఐడెంటిఫైస్" కొట్టి చూస్తే ఏ చిరునామా ఏ ట్రంకుకు చెందిందో కనిపిస్తుంది.

401కు మరొక కారణం కూడా ఉండవచ్చు. అదే పేజీలో ఆథెంటికేషన్ అన్న చోట "ఇన్‌బౌండ్" లేదా "బోత్" ఎంచి ఉంటే, గుర్తుపట్టిన తరువాత కూడా సర్వరు పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు మాత్రం లాగ్‌లో ఎండ్‌పాయింట్ దొరకలేదన్న వరుస రాదు. మీకు పాస్‌వర్డే లేదు కనుక అక్కడ "నన్" ఉండాలి.

ఫెయిల్‌2బ్యాన్ (పదే పదే విఫలమయ్యే చిరునామాలను అడ్డుకునే ప్రోగ్రాము) నడుస్తూ ఉంటే దానిని కూడా ఒకసారి చూడండి. ఇన్ని రోజులుగా 401 తిన్న ఆ రెండో చిరునామాను అది దాడి చేసేవాడిగా భావించి నిషేధించి ఉండవచ్చు. అప్పుడు మీరు ట్రంకును సరిచేసినా ఇన్‌వైట్ ఆస్టరిస్క్ దాకా రానే రాదు, మీకు మతి పోతుంది. సంస్థ చిరునామాలను మినహాయింపు జాబితాలో చేర్చండి.

జవాబు: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

గిత్త గారికి కృతజ్ఞతలు. మీరు ఊహించినట్టే ఫెయిల్‌2బ్యాన్ ఆ చిరునామాను అప్పటికే నిషేధించి ఉంచింది. మినహాయింపులో చేర్చి, మ్యాచ్ గడిలో రెండు చిరునామాలూ రాసిన తరువాత 401 పోయింది. కానీ ఇప్పుడు బయటి నుంచి చేసినవారికి ఆ నంబరు సేవలో లేదని ఇంగ్లీషులో ఒక రికార్డింగు వినిపిస్తోంది. ఇద్దరు రైతులు మేము ఫోను తీసేయించుకున్నామనుకొని నేరుగా ఆఫీసుకే వచ్చేశారు. సంస్థను అడిగితే ఆ రికార్డింగు తమది కాదంటున్నారు. ఇన్‌బౌండ్ రూటులో (లోపలికి వచ్చే కాల్ ఎటు పోవాలో రాసే చోట) మా నంబరును 0861తో సహా పూర్తిగా రాశాను.

జవాబు: ఒంగోలు గిత్త

సంస్థ వారు ఈసారీ నిజమే చెప్పారు. ఆ గొంతు మీ సర్వరుదే. మామూలు ఆస్టరిస్క్ అయితే, వచ్చిన నంబరుకు డయల్‌ప్లాన్‌లో చోటు లేనప్పుడు 404 (దొరకలేదు) పంపి ఊరుకునేది. ఫ్రీపీబీఎక్స్ అలా కాకుండా కాల్‌ను ఎత్తి, ఆ రికార్డింగు వినిపించి పెట్టేస్తుంది. ఒక విధంగా ఇది శుభవార్త: "నీవెవరు" అన్నది తేలిపోయింది, "ఎవరికోసం వచ్చావు" అన్నది మిగిలింది.

నంబరును మనం రాసుకునే తీరు వేరు, సంస్థ పంపే తీరు వేరు. మనం 0861 అని రాస్తాము. అందులోని సున్నా మనం డయల్ చేయడానికే తప్ప నంబరులో భాగం కాదు. సంస్థ దానిని +91861 తరువాత ఏడంకెలుగా పంపవచ్చు, 91861తో పంపవచ్చు, 861తో పంపవచ్చు, ఉత్త ఏడంకెలే పంపవచ్చు. ఊహించవద్దు. ఎస్ఎన్‌గ్రెప్ (సిప్ సందేశాలను తెర మీద చూపే ప్రోగ్రాము) తెరిచి, ఒక కాల్ చేయించి, ఇన్‌వైట్ మొదటి వరుసలో మీ నంబరు ఏ రూపంలో ఉందో చూసి, ప్లస్ గుర్తుతో సహా అక్షరాలా అలాగే ఇన్‌బౌండ్ రూటులోని డీఐడీ (డయల్ చేసిన నంబరు) గడిలో రాయండి.

ఒక హెచ్చరిక. నెల్లూరు కోడు మూడంకెలు, నంబరు ఏడంకెలు. మా ఒంగోలు కోడు 8592, నాలుగంకెలు, నంబరు ఆరంకెలే. రెండు చోట్లా మొత్తం పదే అయినా, నా దగ్గరున్న నమూనాను గానీ ఇంకెవరిదైనా గానీ తెచ్చి అతికిస్తే చివరి అంకెలు కోసే చోట తప్పు పోతుంది.

మొదటి వరుసలో మీ నంబరుకు బదులు అన్ని కాల్స్‌కూ ఒకే పైలట్ (ప్రధాన) నంబరు కనిపిస్తూ, అసలు డయల్ చేసిన నంబరు "టు" వరుసలో ఉన్నదనుకోండి. అప్పుడు ట్రంకు కాంటెక్స్ట్‌ను (వచ్చిన కాల్ డయల్‌ప్లాన్‌లో ఏ భాగానికి వెళ్లాలో చెప్పే గడిని) మామూలు "ఫ్రమ్ పీఎస్‌టీఎన్" నుంచి, టు హెడర్‌ను చదివే "ఫ్రమ్ పీఎస్‌టీఎన్ టుహెడర్"కు మార్చాలి. మీకు ఒకే నంబరు ఉంటే ఈ బాధ రాదు. విడివిడిగా డీఐడీలు కొన్నవారికి తరచు వస్తుంది.

జవాబు: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

నంబరు +91861తో వస్తోంది. అలాగే రాసిన వెంటనే రిసెప్షన్‌లో ఫోను మోగింది. ఆ మోత విని నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయలేను. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. లోపలికి వచ్చిన ప్రతి కాలూ అరనిమిషం దాటగానే తెగిపోతోంది. గడియారం పెట్టి ఐదు కాల్స్ చూశాను, ప్రతిసారీ 32 సెకన్లే. అంతవరకు రెండు వైపులా మాట స్పష్టంగా వినిపిస్తోంది. బయటికి చేసిన కాల్స్ ఎంతసేపైనా తెగడం లేదు.

జవాబు: కావలి కేబుల్

ఇంతవరకు చదువుతూ ఉన్నాను, 32 అన్న అంకె చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఆ అంకెను సిప్ ప్రమాణమే పెట్టింది. 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3261 అనే ఆ ప్రమాణ పత్రంలో టీ1 అనే కాలం అర సెకను; దానికి 64 రెట్లు 32 సెకన్లు. మీ రిసెప్షనిస్టు ఫోను ఎత్తగానే మీ సర్వరు 200 ఓకే పంపుతుంది. అవతలి సర్వరు "అందింది" అని యాక్ పంపాలి. ఆ యాక్ రాకపోతే మీ సర్వరు అదే 200ను అర సెకనుకు, ఒక సెకనుకు, రెండు సెకన్లకు, ఆపైన నాలుగేసి సెకన్లకు మళ్లీ మళ్లీ పంపి, 32 సెకన్లు నిండగానే విసిగి బై చెప్పేస్తుంది. మాట నడుస్తున్నా సరే, దాని దృష్టిలో ఆ కాల్ ఇంకా కుదరనే లేదు.

యాక్ ఎందుకు రావడం లేదు? అవతలివారు దానిని మీ 200లోని కాంటాక్ట్ వరుసలో ఉన్న చిరునామాకు పంపుతారు. ఎస్ఎన్‌గ్రెప్‌లో ఆ వరుస చూడండి. అందులో ట్రంకు కార్డు ప్రైవేటు ఐపీకి బదులు మీ బ్రాడ్‌బ్యాండ్ పబ్లిక్ ఐపీ కనిపిస్తుందని నా అనుమానం. ఇంటి నుంచి పనిచేసేవారి ఫోన్ల కోసం ఎవరో ఎక్స్‌టర్నల్ అడ్రస్ గడిలో దానిని రాసి ఉంటారు. ఆస్టరిస్క్ లెక్కలో, లోకల్ నెట్‌వర్క్స్ జాబితాలో లేనిదంతా బయటి లోకమే. 10.64 కూడా బయటిదే అనుకొని, అక్కడికి వెళ్లే ఉత్తరం మీద బ్రాడ్‌బ్యాండ్ చిరునామా రాసి పంపుతోంది. సంస్థ వారి మూసిన నెట్‌వర్కు నుంచి ఆ చిరునామాకు దారి లేదు.

మందు చిన్నదే. ఆస్టరిస్క్ సిప్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్స్ దగ్గర సంస్థ సిగ్నలింగ్ నెట్‌వర్కు 10.64.8.0/24నూ, మాటల ప్యాకెట్ల నెట్‌వర్కునూ చేర్చండి. ఆ తరువాత ఆస్టరిస్క్‌ను పూర్తిగా ఆపి మళ్లీ నడపండి, ఊరికే రీలోడ్ చేస్తే ట్రాన్స్‌పోర్టు మార్పులు పట్టకపోవచ్చు. పగలు చేయకండి.

నా అనుమానం సరైనదో కాదో ముందే తేల్చుకునే దారి ఒకటుంది. మీరు ఒక రైతుకు ఫోన్ చేసినప్పుడు ముందుగా అతనిని పెట్టేయమనండి. మీ వైపు కాల్ తెగకుండా అలాగే ఉండిపోతే నా మాట నిజం. అవుట్‌గోయింగ్‌లో యాక్ పంపేది మీరే కనుక కాల్ కుదురుతుంది. అతను పెట్టేసినప్పుడు వచ్చే బై మాత్రం అదే తప్పు చిరునామాకు పోతుంది. మాట ఎలా వినిపిస్తోందని మీకు సందేహం రావచ్చు. సంస్థ వైపు పరికరం మీరు రాసిన చిరునామాను పట్టించుకోకుండా, మీ మాటల ప్యాకెట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి అక్కడికే తిరిగి పంపుతోంది. అన్ని సంస్థల పరికరాలూ అలా ఉండవు. మరొక చోట ఇదే తప్పుకు ఒకవైపు మాట మాత్రమే వినిపించి, మేము రెండు రోజులు హెడ్‌సెట్లు మార్చుకుంటూ కూర్చున్నాము.

మాటల నెట్‌వర్కు సిగ్నలింగ్ నెట్‌వర్కుకు వేరుగా ఉంటే, దానికి ట్రంకు కార్డు మీదుగా స్టాటిక్ రూటు (ఆ నెట్‌వర్కుకు ఈ దారినే వెళ్లమని చెప్పే వరుస) కూడా ఉండాలి. లేకపోతే ఆ ప్యాకెట్లు డిఫాల్ట్ గేట్‌వే పట్టుకొని బ్రాడ్‌బ్యాండ్ వైపు పోయి నశిస్తాయి. మీకు మాట వినిపిస్తోందంటే అది ఇప్పటికే ఉండి ఉంటుంది, అయినా సర్వరు రీస్టార్ట్ అయ్యాక నిలుస్తుందో లేదో చూసుకోండి.

జవాబు: పెన్నా ఒడ్డు (నెల్లూరు)

కేబుల్ గారూ, కాంటాక్ట్ వరుసలో బ్రాడ్‌బ్యాండ్ ఐపీయే ఉంది. దానిని ఎక్స్‌టర్నల్ అడ్రస్ గడిలో రాసింది ఎవరో కాదు, నేనే. మీరు చెప్పిన పరీక్ష కూడా చేశాను: కోవూరులోని మా డీలరు పెట్టేసిన తరువాత కూడా మా వైపు ఫోను కాల్ నడుస్తున్నట్టే చూపింది. ఇన్నాళ్లూ మా వాళ్లు "కొత్త ఫోన్లు సరిగా పెట్టుకోవు" అని ఫిర్యాదు చేస్తుంటే నేను హ్యాండ్‌సెట్ల మీద వేశాను ఆ నింద.

రాత్రి పదకొండు తరువాత రెండు నెట్‌వర్కులనూ చేర్చి ఆస్టరిస్క్‌ను ఆపి నడిపాను. స్టాటిక్ రూటు మాత్రం నేను కమాండుతో అప్పటికప్పుడు వేసినదే, ఫైలులో లేదు. అదీ రాసి సర్వరును ఒకసారి రీస్టార్ట్ చేసి చూశాను. తెల్లవారి నాలుగూ పది ప్రాంతంలో ఇందుకూరుపేట నుంచి వచ్చిన మొదటి కాల్ పదకొండు నిమిషాలు నడిచింది.

ఇక మిగిలింది ఒక్కటే. చేసినవారి నంబరు మా తెరల మీద +91తో పడుతోంది. మిస్డ్ కాల్ జాబితా నుంచి అదే నంబరును నొక్కితే కాల్ వెళ్లడం లేదు.

జవాబు: ఒంగోలు గిత్త

దానికి ఇన్‌కమింగ్ వైపు ఏమీ మార్చకండి. అవుట్‌బౌండ్ రూటులో +91 తరువాత పదంకెలు ఉండే నమూనాను ఒకటి చేర్చి, +91ను ముందు భాగంగా తీసేసి, దాని స్థానంలో మీ సంస్థ కోరే రూపాన్ని పెట్టండి. సెల్ నంబర్లకు సున్నా కావాలో వద్దో ఒక కాల్ చేసి చూస్తే తెలిసిపోతుంది.